తమ్ముడి కాలి కొలత

పోయిన నెల చీపురుపల్లిలో మా ఆడపడుచు మనవరాలి పెళ్లికి వెళ్లాను. భోజనాలకి పిలుపు వచ్చింది. అందరూ లేచారు, నేను లేవలేదు. స్టేజీ పక్కన పాటల బృందంవాళ్లు సామాను దించుకుంటున్నారు. గిటారు వాయించే అతను నల్లటి పెట్టె ఒకటి తెరిచి, అందులోంచి ఏటవాలుగా ఉన్న ఇనప చట్రం తీసి తివాచీ మీద పెట్టాడు. దాని మీద అరచేతంత డబ్బాలు వరసగా బిగించి ఉన్నాయి. ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఇటుక రంగు. ప్లగ్గు పెట్టగానే ఒక్కోదాని నుదుటి మీదా ఎర్రటి చుక్క వెలిగింది. అతను బూటుకాలితో ఒకదాన్ని తొక్కి తీగ మీటాడు. షామియానా అంతా గుంయ్‌మంది. మిఠాయి పంచుతున్నవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి చూశారు.

"ఏటి వదినా, అలగ సూస్తన్నావు? అన్నం సల్లారిపోతాది. ఆ డబ్బాల్లో ఏటున్నాది?" అంది మా ఆడపడుచు.

"పెడల్ బోర్డు," అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, మరేమీ అడక్కుండా నా పక్క కుర్చీలో కూచుంది. మేమిద్దరం ఆఖరి బంతిలో తిన్నాం. గిటారంటే చెక్క, తీగలు, చేతులు అనుకున్నదాన్నే నేను కూడా. అందులో కాళ్లకి కూడా పని ఉంటుందని నాకు తెలిసిరావడానికి మా ఇల్లు కూలినంత పనైంది.

మాది సాలూరు. ఊళ్లో ఎవరింటికి వెళ్లినా లారీ ఉన్నవాడో, లారీ నడిపేవాడో, లారీకి రంగులేసేవాడో ఒకడు తగులుతాడు. మా ఆయనకి లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. పెళ్లయిన కొత్తలో ఆయన దగ్గర ఎప్పుడూ రంపపు పొట్టు, రంగు, డీజిలు కలిసిన వాసన వచ్చేది. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. మా అమ్మ మిషన్ హాస్టల్లో వంట చేసి రిటైరైంది. నాన్న మా తమ్ముడు పాలు తాగే రోజుల్లోనే పోయాడు. వాడికీ నాకూ చాలా ఎడం. నా పెళ్లికి వాడు చంకన ఉన్నాడు. తరవాత అమ్మా వాడూ మాతోనే ఉండేవారు. అందుకని వాడు నాకు తమ్ముడో కొడుకో నాకే సరిగ్గా తెలిసేది కాదు. మా ఆయనకీ అంతే. వాడికి మొదటి గిటారు కొనిపెట్టింది బావే. అది వాడి గడ్డం దాకా వచ్చేది. మా అమ్మ దాన్ని చూసి, "సదువుకో రా అంటే ఈ సొరకాయ బుర్రకి తీగలు కట్టి తెచ్చేరేటి" అని నెత్తి కొట్టుకుంది. నెల తిరక్కుండా ఆదివారం చర్చిలో వాడు వాయిస్తుంటే, ముందు వరస చాప మీద కూచుని పక్కావిడని మోచేత్తో పొడిచి మరీ చూపించింది.

పెద్దయ్యాక వాడు దాన్నే బతుకుతెరువు చేసుకున్నాడు. బొబ్బిలి, రాజాం, పార్వతీపురం, ఎక్కడ పెళ్లయినా, క్రిస్మస్ కూటమైనా పిలుపు వచ్చేది. కొండవతల ఒడిశా ఊళ్ల చర్చిల నుంచి కూడా పిలిచేవాళ్లు. వాడి కుడిచెయ్యి అన్నం తినేటప్పుడు కూడా ఊరుకునేది కాదు. కంచం అంచు మీద తాళం వేస్తూ ఉండేది. "తిండి కాడైనా ఆ సేతికి సెలవియ్యరా" అనేది అమ్మ.

అలా కొండవతల ఒక చర్చిలో వాయించడానికి పోయినప్పుడు, మా ఆయన తన జీపులో తీసుకెళ్లాడు. తిరుగుప్రయాణంలో, పొద్దున్నే, కొండ ఘాటీలో మంచు. ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇవ్వబోతే జీపు చక్రం రోడ్డు అంచు దిగింది. బండి పక్కకి ఒరిగి రాళ్ల మీద పడింది. మా తమ్ముడు బయటికి విసిరేసినట్టు ఎగిరి కుడి భుజం మీద పడ్డాడు. మా ఆయన స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆయనకి ఒంటి మీద గీత పడలేదు.

విశాఖపట్నంలో డాక్టర్లు చూసి, ఎముక అతుక్కుంటుంది గానీ భుజం దగ్గర చేతికి వెళ్లే నరాలు తెగిపోయాయన్నారు. కాల్లోంచి నరం తీసి అక్కడ కుట్టారు. "రెండో వేసవి దాటేలోగా కదలిక రావాలమ్మా. దాటితే ఇక ఆశ పెట్టుకోకండి" అని పెద్ద డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ముందే చెప్పేస్తున్నాను, ఆ చెయ్యి ఈనాటికీ రాలేదు. ఆ సంగతి తెలియక మేము బతికిన కాలం మాత్రం ఎవరికీ వద్దు.

చెయ్యి ఉంది, కానీ లేదు. తడిబట్టలా భుజానికి వేలాడేది. అట్లకాడ కాల్చి వాత పెట్టినా తెలియని ఆ చేతిలోనే ఎక్కడి నుంచో మంట పుట్టేది. కాగే నూనెలో వేళ్లు ముంచినట్టుంది అప్పా అనేవాడు. మావైపు అక్కని అప్పా అనే పిలుస్తాం. మంట వచ్చినప్పుడు గోడకి తిరిగి, దిండు అంచు పళ్ల మధ్య పెట్టుకునేవాడు. అమ్మ పొద్దున్నా సాయంత్రం ఆవనూనె వేడిచేసి ఆ చేతికి రాసేది. ఒక్కో వేలూ విడదీసి, పేరు పెట్టి పిలిచినట్టు ప్రార్థన చేసేది. ఒకసారి బొటనవేలు కదిలిందని కేకేసింది. అందరం పరిగెత్తాం. ఆవిడ చేతి వణుకే అది. వాడు కళ్లు మూసుకున్నాడు.

మా ఆయన వాడి గదిలోకి వెళ్లడం మానేశాడు. గుమ్మం బయట నిలబడి, "తిన్నాడా?" అని నన్ను అడిగేవాడు. జీపు అమ్మేశాడు. షెడ్డుకి నడిచి వెళ్లేవాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి, ఒకరి చెప్పుల చప్పుడు విని ఇంకొకరు పెరట్లోకి తప్పుకునేవారు. నేను మధ్యలో నిలబడి ఇటు అన్నం, అటు అన్నం వడ్డించేదాన్ని. బడిలో పిల్లలకి సంధులు చెబుతూ చెబుతూ ఆగిపోయేదాన్ని. ఇంట్లో కత్తిపీట వాడికి అందకుండా అటక మీద దాచాను. దానితో కూరలు తరగడానికి రోజూ స్టూలెక్కి దింపుకోవడం, మళ్లీ ఎక్కించడం. నా మోకాళ్ల నొప్పులకి పుట్టినరోజంటూ ఉంటే అదే.

మొదటి వేసవి పోయాక చర్చివాళ్లు మమ్మల్ని భావనపాడు తీసుకెళ్లారు, సముద్రపు గాలి తగిలితే మంచిదని. పులిహోర పొట్లాలు విప్పుతూ తలెత్తి చూస్తే వాడు లేడు. నడుం లోతు నీళ్లలో ఉన్నాడు, ఇంకా ముందుకి నడుస్తున్నాడు. నేను చీర తడుస్తుందన్న ధ్యాస లేకుండా పరిగెత్తి, వాడి చొక్కా కాలరు పట్టుకున్నాను.

"ఏటప్పా, ఉప్పునీళ్లు తగిల్తే మంట తగ్గుతాదేమో అని," అన్నాడు.

వాడి మొహం చూస్తే అది నిజమో కాదో తెలియలేదు. తరవాత ఎన్నడూ అడగలేదు. ఒడ్డుకొచ్చాక పులిహోర పెడితే తిన్నాడు, ఇసుక పడిందని గొణిగాడు. ఆ గొణుగుడికే నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

రెండో వేసవి కూడా దాటింది. మామిడిపళ్లు అయిపోయాయి, వానలు పడ్డాయి, బడులు తెరిచారు. చెయ్యి కదల్లేదు. అప్పుడే ఒక రోజు వాడు ఫోన్లో ఏదో చూస్తుంటే టీ ఇవ్వడానికి వెళ్లి నేనూ చూశాను. ఎవరో పరాయిదేశం మనిషి, ఒక్క ఎడమచేత్తో గిటారు వాయిస్తున్నాడు. తీగ మీటడం లేదు. వేళ్లతో తీగని గిటారు మెడ మీద గట్టిగా కొడుతున్నాడు, అంతే. కింద కాళ్లతో డబ్బాలు తొక్కుతున్నాడు. మా తమ్ముడు నాకు విడమరిచి చెప్పాడు. ఎన్నాళ్లకో వాడి నోట్లోంచి వచ్చిన పొడుగు మాట అది. అలా కొడితే తీగ చీమ నడిచినంత చప్పుడు చేస్తుందట. ఆ చప్పుడుని ఒక పెడల్ పెంచి సమానం చేస్తుంది. ఇంకొకటి గరుకుగా సాగదీస్తుంది. ఇంకొకటి లోయలో కేకలా తిరిగి వినిపిస్తుంది. లూపరని ఇంకొకటి ఉంది, అది మనం వాయించిన ముక్కని పట్టుకుని, మళ్లీ తొక్కేదాకా తిప్పి తిప్పి వాయిస్తూనే ఉంటుంది. దాని మీద ఇంకో వరస మనం వాయించుకోవచ్చు. కుడిచెయ్యి చేసే పని కాళ్లు చెయ్యాలన్నమాట.

పాత స్నేహితుడెవరినో అడిగి ఒక పెడల్ తెప్పించుకున్నాడు. బీరువా మీంచి గిటారు నేనే దించాను. దాని మీద దుమ్ములో నా వేళ్ల అచ్చులు పడ్డాయి. పట్టీ భుజాన వేసుకుని, పనిచెయ్యని చేతిని గుడ్డ ఊయల్లో పెట్టుకుని కూచున్నాడు. మా ఆయన గుమ్మం అవతలే నిలబడ్డాడు. వాడు తీగని కొట్టాడు. పళ్లెం మీద గోరు గీకినట్టు ఒక శబ్దం వచ్చింది. నొక్కని తీగలన్నీ కలిసి గోలపెట్టాయి. మళ్లీ కొట్టాడు. చెమటలు పట్టాయి. పెడల్ తొక్కబోతే నేల మీద జారి మంచం కిందికి పోయింది.

"నెమ్మదిగా వస్తాదిలేరా," అన్నాడు మా ఆయన.

"నెమ్మదిగా ఏటొస్తాది బావా?" వాడు ఇల్లు అదిరేలా అరిచాడు. "సెయ్యొస్తాదేటి? నీకేటయింది, గీత కూడా పడనేదు! స్టీరింగు నీ సేతిలోనే ఉన్నాది కదా! నానేటి పాపం సేసేనని నా సెయ్యే పోవాల?"

అమ్మ వంటింట్లోంచి వచ్చి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మా ఆయన చెప్పులు వేసుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నేను ఆయన కోసం షెడ్డుకి వెళ్తే, సగం కట్టిన లారీ మీద ఒంటరిగా కూచుని ఉన్నాడు. "అన్నాడు గదా. రెండేళ్లకి అన్నాడు. బాగుంది," అన్నాడు. ఏం బాగుందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మర్నాటి నుంచి ఆయనకి పూనకం వచ్చినట్టయింది. పెడళ్లు జారిపోకుండా ఒక పలక చేస్తానన్నాడు. విశాఖపట్నం వెళ్లి, వాయించడం మానేసిన ఒకాయన దగ్గర పాత పెడళ్లు పట్టుకొచ్చాడు. అందులో ఒకటి పనిచెయ్యలేదు, మళ్లీ వెళ్లాడు. ఇక పలక సంగతి. జీవితమంతా లారీలు కట్టిన మనిషి ఏం కడతాడు? మద్దికర్ర పలకలు వేసి, ఇనప పట్టీలు కొట్టి, నాలుగు మూలలా బోల్టులు బిగించి, అంచులకి గద్ద బొమ్మ, తామర పువ్వు కూడా వేయించి తెచ్చాడు. మోయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. అది చూసి మా తమ్ముడు, "దీనికి నంబరు పలకొకటే తక్కువ," అని మొహం తిప్పుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మా అమ్మకి మాత్రం ఆ పలకంటేనే పడలేదు. అది ఇంట్లోకి వచ్చిన రోజు అన్నం ముట్టలేదు. "ఆ సెక్క తెచ్చేరంటే, దేవుడింక సెయ్యి ఇవ్వడని ఒప్పేసుకున్నట్టే గదా. మీరు ఒప్పేసుకోండి. నాను ఒప్పుకోను," అంది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. వాడు గోడకి తిరిగి పడుకుని అంతా విన్నాడు. ఆ వారమంతా నూనె రాస్తుంటే చెయ్యి అమ్మకి వదిలేసి, కళ్లు మాత్రం మంచం కింద ఉన్న పెడళ్ల వైపు పెట్టుకునేవాడు.

మా ఆయన తేలిక చెక్కతో రెండో పలక మొదలుపెట్టాడు. వెనక వరస పెడళ్లు కాలికి అందాలంటే ఏటవాలు ఉండాలి. వైర్లు కిందికి దిగడానికి పలకల మధ్య సందు ఉండాలి. అవన్నీ కుదిరాక ఒక చిక్కు వచ్చింది. ఫోన్లో వాయించేవాళ్లంతా బూట్లు వేసుకుని ఉంటారు. మన చర్చిలో చెప్పులు బయట విప్పుతాం. వట్టికాలితో తొక్కితే వేళ్లు విచ్చుకుని పక్క పెడల్ కూడా నొక్కుకుపోతోంది. ఎంత ఎడం పెట్టాలో అంచనా చిక్కలేదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక, మా ఆయన చెక్క పట్టుకుని, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని, ఆ గది గుమ్మం దాటాడు. రెండేళ్ల తరవాత దాటాడు. కుర్చీలో ఉన్న వాడి ముందు నేల మీద కూచుని, చెక్క పరిచాడు.

"కాలు ఇలగెట్రా."

వాడు కాలు వెనక్కి లాక్కున్నాడు. "ఏటి బావా ఇది? పెద్దోడివి, నా కాలు ముట్టుకుంతావేటి?"

"కొలత కావాల. కాలెట్టు."

మా ఆయన వాడి పాదం రెండు చేతులతో పట్టుకుని చెక్క మీద పెట్టుకున్నాడు. నేను బడిలో జాతీయాలు చెప్పేటప్పుడు 'కాళ్లు పట్టుకోవడం' అని బోర్డు మీద రాసి, క్షమించమని వేడుకోవడం అని పక్కన అర్థం రాసేదాన్ని. ఎన్నేళ్లు రాశానో. ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి అది కళ్లారా చూశాను. ఆయన వంగి, మడమ దగ్గర మొదలుపెట్టి, నెమ్మదిగా పెన్సిలు తిప్పుకుంటూ వచ్చాడు. వేళ్ల దగ్గరికి వచ్చేసరికి గీత పక్కకి పోయింది. ఆయన తల ఎత్తలేదు. చెక్క మీద నీటిచుక్క పడింది. తుడిచాడు, ఇంకొకటి పడింది.

వాడు బావ నడినెత్తి వైపే చూశాడు. "సిటికినేలు దగ్గర సరిగ్గా రానేదు బావా. మళ్లీ గియ్యి," అన్నాడు.

మా ఆయన మళ్లీ గీశాడు. రెండో కాలు కూడా గీశాడు. ఆ తరవాత వాళ్లిద్దరూ ప్రమాదం సంగతి మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు.

అక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది. పలక పూర్తయింది. మోగకూడని తీగలు మోగకుండా మెడ మొదట్లో నా జుట్టు రబ్బరు చుట్టాం. వాడు రోజంతా కూచునేవాడు. ఎడమచేతి వేళ్లు పగిలాయి. కొన్ని వారాల తరవాత ఒక ఆదివారం చర్చిలో వాయిస్తానన్నాడు. మొదటి చరణం ఎలాగో గడిచింది. తరవాత కరెంటు ఎగుడుదిగుడైందో, కాలే జారిందో, స్పీకరు పెట్టెలోంచి ఒక కీచుమన్న అరుపు వచ్చింది. సరిగ్గా అప్పుడే వాడి కాలు లూపర్ మీద ఉంది. అది ఆ అరుపుని పట్టుకుంది. ఇక అదే అరుపు, మళ్లీ మళ్లీ, పిల్లలు చెవులు మూసుకునేలా. వాడు కంగారులో పక్క పెడళ్లు తొక్కుతున్నాడు, ఆగదు. చివరికి మా ఆయన పరిగెత్తి ప్లగ్గు పీకాడు. ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి ఎవరో ఆడమనిషి, మంచి మనసుతోనే, "పాపం" అంది.

ఆ అరుపుని వాడు తట్టుకునేవాడేమో. పాపం అన్న మాటని తట్టుకోలేకపోయాడు. ఇంటికొచ్చి పలకని మంచం కిందికి తోసేశాడు. "ఎవులూ నాకేటీ సెప్పకండి," అన్నాడు. ఈ మధ్యే కిందికి దించి ఉంచిన కత్తిపీటని నేను మళ్లీ స్టూలెక్కి అటక మీద పెట్టాను.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం, బయట వాన. మా ఆయన భోజనానికి వచ్చి వసారాలో తల తుడుచుకుంటున్నాడు. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. అమ్మ వంటింట్లో పొయ్యి దగ్గర ఉంది. లోపలి గదిలోంచి పలక నేల మీద ఈడ్చిన చప్పుడైంది. మా ఆయన తువ్వాలు నెత్తి మీదే ఉంచుకుని కదలకుండా నిలబడిపోయాడు. లూపర్‌లో కింది వరస ఒకటి మొదలైంది, నాలుగు స్వరాలు, నెమ్మదిగా తిరుగుతున్నాయి. దాని మీద వాడు పాట ఎత్తుకున్నాడు. మేమంతా చిన్నప్పటి నుంచీ పాడుకున్న చర్చి పాట. పల్లవి అయింది. చరణం అయింది. రెండో చరణంలోకి వెళ్లాడు.

"ఒరే, అది కాదురా!" అమ్మ వంటింట్లోంచి కేకేసింది. "అక్కడ కిందికి దిగాల. నువ్వు మీదకెల్లిపోతన్నావు."

గిటారు ఆగింది. కింది వరస ఒక్కటే తిరుగుతోంది. "ఏటమ్మా?"

"సెవుడేటి నీకు? కిందికి దిగాలంటన్నాను. సిన్నప్పట్నుంచీ అక్కడే తప్పుతావు, ఎన్నిసార్లు సెప్పినా బుద్ధి నేదు."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ప్రమాదం జరిగిన తరవాత వాడిని తప్పు పట్టిన మనిషి అమ్మే మొదలు. అందరమూ బాగుంది బాబూ అనేవాళ్లమే, బాగా చేస్తున్నావు అనేవాళ్లమే. అమ్మ ఆ చేతి కోసం తాను పోయేదాకా ప్రార్థన మానలేదు, పలకని ఒక్కసారైనా చేత్తో ముట్టుకోలేదు. కానీ ఆ మధ్యాహ్నం గరిటె పట్టుకునే గది గుమ్మం దాకా వచ్చి నిలబడింది. వాడు భుజానికి మొహం తుడుచుకుని, "ఏదీ, సెప్పమ్మా," అన్నాడు. ఆవిడ బొంగురు గొంతుతో ఆ ముక్క పాడింది. వాడు తప్పాడు. "కాదు," అంది. మళ్లీ పాడింది. మళ్లీ తప్పాడు. మా ఆయన వసారా గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. ఒక్కో పూటనీ లెక్కపెట్టుకుంటూ రెండేళ్లు గడిపిన ఇంట్లో, పప్పు మాడిన వాసన వచ్చేదాకా, కాలం నడుస్తోందని ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.